విత్తనాల గది ముందు చెప్పుల వరుస

ఆ రోజు హనుమక్క పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ఇంట్లో చెప్పులన్నీ కడిగి ఆరబెట్టడం. రెండు, లోకానికి ఆకాశం పంచడం. మొదటిది తనంతట తాను నెత్తికెత్తుకున్నది, రెండోది కోడలు హేమ అప్పజెప్పింది. ఈ రెండింటిలో ఊరిని తలకిందులు చేసింది మొదటిదే.

రాప్తాడు దగ్గర హైవే దిగి కొంత లోపలికి పోతే వచ్చే ఎర్రబండపల్లిలో హనుమక్కది రాతి గోడల పాత మిద్దె. దాన్ని ఆనుకుని వీధి వైపుకు తలుపున్న చిన్న గది ఒకటి ఉంది. భర్త ఓబులేసు బతికున్న రోజుల్లో అందులో విత్తనపు వేరుశనగ మూటలు పేర్చేవాడు. రోళ్లు పగిలే ఎండల్లో కూడా చల్లగా ఉండే గది అది. ఇప్పుడు అందులో మూటలు లేవు. బీరువా అంత ఇనుప చట్రంలో ఒకదాని మీద ఒకటి నల్లటి డబ్బాలు, వాటి మీద మిణుకుమనే పచ్చ దీపాలు, గర్రుమని తిరిగే చిన్న ఫ్యాన్లు ఉన్నాయి. హేమ కంపెనీ పని ఇంట్లోనే కూర్చుని చేసుకుంటూ, మిగిలిన వేళల్లో నెత్తిన పెట్టుకున్న వ్యవహారం అది.

మొదట్లో హనుమక్కకు ఆ వ్యవహారం అంతు చిక్కలేదు. హేమ కూర్చోబెట్టి చెప్పింది. పెద్ద పెద్ద దుర్భిణీలతో ఆకాశాన్నంతా ఫోటోలు తీశారు. వాటిని చూడడానికి దేశానికొకరు చొప్పున కొందరు కలిసి జీతం బత్తెం లేకుండా ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. ఎవరైనా వాడుకోండి, లోపల ఎట్లా పనిచేస్తుందో చూసుకోండి, చేతనైతే బాగుచేయండి అని లోకం మీదికి వదిలేశారు. సాఫ్ట్‌వేర్ చిన్నదే. ఫోటోలే కొండంత. అన్నీ ఒక్క చోట పెట్టి అందరికీ పంపాలంటే ఆ చోటు నడుము విరుగుతుంది. అందుకని వాటిని చదరపు ముక్కలుగా కోసి, నకళ్లు తీసి, ఒప్పుకున్న వాళ్ల దగ్గరల్లా పెట్టారు. చూసేవాడు ఆకాశంలో ఏ మూలకు పోతే ఆ మూల ముక్కలు దగ్గరి చోటు నుంచి వాడికి పోతాయి.

"అంటే బొంత మాదిరా?" అని అడిగింది హనుమక్క. "ముక్కలన్నీ కుట్టి కప్పినట్ల?"

"అదే అత్తా. ఆకాశమంత బొంత. చూసేటోళ్లకు ఏ మడత కావాలంటే ఆ మడత ఇప్పి చూపిస్తాం."

అంతటితో హనుమక్కకు గుట్టు తెలిసిపోయింది. ఆ తర్వాత ఆమెను పట్టేవాళ్లు లేకపోయారు. కొళాయి దగ్గర, పాలకేంద్రం దగ్గర, ఆటో ఎక్కిన చోట, దిగిన చోట అదే మాట. "మా ఇంటి నుంచే లోకమంతా తీస్కపోతాంది. ఒక్క పైసా ముట్టం. అడిగినోళ్లకంతా ఇస్తాం." ఏమి ఇస్తున్నారో కూడా చెప్పేది గాని, కథ అక్కడిదాకా వచ్చేసరికి వినేవాళ్ల బిందె నిండిపోయేది.

ఆ రోజుకు ఒక విశేషం ఉంది. సాఫ్ట్‌వేర్ కొత్త రూపు ఆ ఉదయమే విడుదలైంది. దేశదేశాల జనం దాని మీద పడతారు. హనుమక్క ఇంటి డబ్బాను కొన్నాళ్లుగా పరీక్షలో పెట్టారు, ఆ సాయంత్రంతో పరీక్ష ముగుస్తుంది. అంతవరకు ఆగకుండా నడిస్తే, ఆకాశం నిలవ ఉన్న చోట్ల పేర్లలో, పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల సరసన, ఎర్రబండపల్లి పేరు నిలిచిపోతుంది. మధ్యలో ఆగిపోతే తీసేస్తారు.

"నేను పుట్టపర్తి దగ్గర బడిలో పిల్లోళ్లకు చూపిచ్చి సాయంత్రానికి వస్తా," అంది హేమ సంచి భుజాన వేసుకుంటూ. "పది గంటలకు గంగాధర్ సారు వస్తాడు. నెట్ సరిగా రాని బళ్ల కోసం బొమ్మలన్నీ డిస్కుల్లోకి ఎక్కిచ్చి ఆ ఎర్ర సంచిలో పెట్టినా. ఇచ్చేయ్."

"ఇస్తా. డబ్బా సంగతి చెప్పు."

"ఎవర్నీ ముట్టనియ్యద్దు. కరెంటు పోతే బ్యాటరీ పట్టుకుంటాది గాని ఎక్కువసేపు మోయలేదు. గదిలోకి దుమ్ము రాకూడదు. ఊరి పేరత్తా!"

"చెప్పులతో అడుగు పెట్టినోని కాళ్లు ఇరగ్గొడతా. నువ్వు పో, బస్సు పోతాది."

కొడుకు సందీప్ అప్పటికే పెనుకొండ వైపు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయాడు. ఇల్లు ఖాళీ అయింది. దుమ్ము మాట మాత్రం హనుమక్క బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? చెప్పుల నుంచి. ఇంట్లో ఉన్న చెప్పులన్నీ పోగేసింది. హేమవి, సందీప్‌వి, తనవి, తెగి కుట్టించినవి, కుట్టించాల్సినవి. అటక మీద గుడ్డలో చుట్టి పెట్టిన ఓబులేసు తోలు చెప్పులు కూడా దించింది. తక్కినవన్నీ రుద్ది కడిగి, తోలు జతను మాత్రం తడిగుడ్డతో తుడిచి ఆముదం రాసింది. గది తలుపు పక్కన కాస్త నీడ ఉంటే అక్కడ ఓబులేసు జతను పెట్టి, దాని వెనక మిగతా వాటిని గోడ వెంబడి వరుసగా, ముక్కులు తలుపు వైపుకు తిప్పి పేర్చింది. చూసుకుని మురిసి, వంటింట్లోకి పోయింది.

ఇక్కడ ఆ సీమ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. తొలకరికి ముందు రాయితీ విత్తనాలు ఇచ్చే రోజుల్లో ఆ ఎండకు వరుసలో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. చెప్పులు పెట్టినవాడు చెట్టు కిందికో టీకొట్టుకో పోతాడు. చెప్పు ఉందంటే మనిషి ఉన్నట్టే. దాన్ని జరిపితే మనిషి మెడ పట్టి గెంటినంత తగాదా అవుతుంది. ఓబులేసు కూడా బతికినంత కాలం ఏటేటా చెప్పులు పెట్టి వట్టి కాళ్లతో ఇంటికి వచ్చినవాడే. ఎంత పెందలాడే పోయినా ఆయన ముందు ఇంకెవరివో చెప్పులు ఉండేవి.

ఆ ఏడు విత్తనాల లారీ రాప్తాడు దాకా వచ్చింది. ఏ ఊళ్లో దించాలన్నదాని మీద రెండు ఊళ్ల పెద్దలు పట్టుబట్టడంతో నిన్నటి నుంచి హైవే పక్కన నిలబడి ఉంది. ఏ క్షణాన ఎక్కడ దిగుతుందో అని మండలమంతా చెవులు రిక్కించుకుని ఉంది. అట్లాంటి ఉదయాన, హనుమక్క ఇంటికి మూడిళ్ల అవతల ఉండే బయమ్మ పేడతట్టతో అటు వచ్చి, మూసి ఉన్న విత్తనాల గది ముందు గోడ వెంబడి చెప్పుల వరుస చూసింది.

బయమ్మ అరవలేదు, ఎవరినీ పిలవలేదు. తట్ట దించి, తన చెప్పులు విడిచి వరుస చివర పెట్టి, వంటింటి కిటికీ దగ్గరకు వచ్చింది. లోపల హనుమక్క మిక్సీ తిప్పుతోంది.

"హనుమక్కా, ఈ పొద్దేనా పంచేది?"

"ఈ పొద్దే. పది గంటలకు."

"అందరికీనా?"

"అడిగినోళ్లకంతా. కొళాయి కాడ చెప్పలా నీకు?"

"చెప్పినావులే. మనిషికి ఎన్నమ్మా?"

"మనిషికొకటి. హేమ సంచిలో పెట్టే పోయినాది."

"దుడ్లో?"

"ఛీ! దుడ్లు తీసుకుంటే మర్యాద యాడుంటాది?"

మర్యాద ఎక్కడుంటే బయమ్మకేం గాని, దుడ్లు లేకుండా విత్తనకాయల మూట అంటే గుండె ఝల్లుమంది. ఆధార్ కార్డు కోసం ఇంటికి పరిగెత్తుతూ దారిలో చెల్లెలు తిరుపాలమ్మకు ఒక్కతెకే చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. తిరుపాలమ్మ కూడా ఒట్లు వేయించుకునే చెప్పింది. ఎర్రబండపల్లిలో ఆ ఉదయం పడినన్ని ఒట్లు కోర్టులో కూడా పడి ఉండవు.

వరుస పెరిగింది. చెప్పుల వెనక సున్నంతో పేరు రాసిన రాయి, దాని వెనక నీళ్ల సీసా, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ముడి వేసిన తువ్వాలు, ఒక చీపురు. ఏమీ దొరకని వాడెవడో గొర్రెపిల్లను గూటానికి కట్టి పోయాడు. అది గూటం పీక్కుని రెండు జాగాలు ముందుకు పోయిందని, అది న్యాయం కాదని చిన్న పంచాయితీ జరిగింది.

చెప్పులు ఆరాయో లేదో చూద్దామని హనుమక్క బయటికి వచ్చింది. గోడ వెంబడి తాను పెట్టిన చిన్న వరుస వీధి మలుపు దాటి కనిపించకుండా పోయి ఉంది. కడిగిన చెప్పులు ఇంతలోనే ఇంత సంతానాన్ని కన్నాయా అని ఒక్క క్షణం బిత్తరపోయింది. ఎదుటి గోడ నీడన కూర్చున్న జనమంతా ఆమెను చూసి లేచి నిలబడ్డారు, చేతుల్లో పాసుపుస్తకాలతో.

"ఏందివి?" అంది హనుమక్క.

"జాగాలక్కా."

"దేనికి?"

తిరుపాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "దేనికంట, సూడండి! విత్తనకాయలకు మేయ్. తలుపు తియ్యి."

"విత్తనాలా? ఈడ యాడుండాయి విత్తనాలు? లోపలుండేటివి సుక్కల బొమ్మలు."

జనం తలలూపారు. ఆ ఊపు అర్థమైనవాళ్లది కాదు, అర్థమైపోయిందనుకున్నవాళ్లది.

"పోయినేడు గోడౌను కాడ స్టాకు ల్యాదన్నారు," అన్నాడొకడు. "లోపల దూలం దాకా ఉండింది. అంతకుముందు గోతాములు రాలేదన్నారు. ఈ తూరి సుక్కలంటాండారు."

"సుట్టాలకు దాసిపెట్టినావా హనుమక్కా?" అంది బయమ్మ నొచ్చుకుంటూ. "నాతో కిటికీ కాడ చెప్పిందేంది మరి?"

"లోపల గర్రుమంటాందేంది?"

"ఫ్యాన్లప్పా."

"సుక్కలకు ఉడుకా? కాయలకు మందు పట్టిచ్చే మిషను అది!"

హనుమక్క ఎంత కాదంటే విత్తనాలు అంత ఖాయమవుతూ వచ్చాయి. సరిగ్గా అప్పుడే గుత్తి వైపు ఊళ్లో బడి పంతులు గంగాధర్ మోటారు సైకిలు దిగాడు. చెప్పిన వేళకు వచ్చిన మనిషి ఆ రోజు ఆయనొక్కడే. హనుమక్కకు ప్రాణం లేచి వచ్చింది. "రా సారూ, రా! నీకోసమే పెట్టినా" అంటూ ఇంట్లోకి పోయి ఎర్ర సంచి తెచ్చి చేతికిచ్చింది.

జనం భగ్గుమన్నారు.

"గుత్తి నుంచి వచ్చి ముందుకు దూరతాండాడే! యాడుండాదయ్యా నీకు భూమి?"

"నాకు భూమి లేదండీ," అన్నాడు గంగాధర్ నిజాయితీగా. అది అనకుండా ఉండాల్సిన మాట.

"భూమి ల్యాకుండా విత్తనాలా!"

తిరుపాలమ్మ సంచి ఎత్తి చూసింది. "ఇంత తేలికుండాది. శాంపిలు ఇది. మూటలు లోపలుండాయి."

సంచితో వీధి దాటనివ్వకపోయేసరికి, ఇక చేసేది లేక గంగాధర్ బూట్లు విడిచి, వీధి మలుపు అవతల చీపురు వెనక పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏ వస్తువు కోసం వచ్చాడో అది చేతికి అందాక కూడా దాని కోసమే వరుసలో కూర్చున్న మనిషిని ఎర్రబండపల్లి అంతకుముందు చూడలేదు.

విషయం నరేంద్ర చెవిన పడింది. నరేంద్రకు ఇరవై ఎకరాల మెట్ట, ఒక ట్రాక్టరు, వచ్చే ఎన్నికల మీద ఆశ ఉన్నాయి. ఆయన ఆలోచన సూటిగా పోయింది. ఊరికి విత్తనాలు రావాలంటే నాకు తెలియకుండా రావు. వచ్చాయంటే నేను తెప్పించినట్టే. ట్రాక్టరు ట్రాలీలో షామియానా, మైకు, జనరేటరు, పూలదండ వేసుకుని దిగాడు. దండ ఎవరు వేయాలో కూడా ఇద్దరికి చెప్పి పెట్టుకున్నాడు.

"నరేంద్రప్పా, నువ్వన్నా చెప్పు వీళ్లకు," అంది హనుమక్క. "లోపలుండేది ఆకాశం బొమ్మలు. మా హేమ లోకానికంతా ఊరికే ఇస్తాంది."

"ఊరికేనా?" నరేంద్ర అనుమానంగా చూశాడు. "ఎలక్షన్లలో ఏమన్నా నిలబడతాండాదా?"

"ల్యాదప్పా!"

"మరి ఊరికే ఎట్లిస్తారు? నాకేమన్నా చెవిలో పువ్వు కనిపిస్తాందా? నువ్వు పక్కన నిలబడు పెద్దమ్మా, రెండు మాటలు మాట్లాడి నేనే తలుపు తెరుస్తా."

మైకు పెట్టారు. జనరేటరు ఉండనే ఉంది గాని, డీజిలు ఎందుకు దండగని నరేంద్ర మనుషులు కరెంటు స్తంభానికి కొక్కెం తగిలించారు. "ఎర్రబండపల్లి అన్నదమ్ములారా" అన్నాడు నరేంద్ర. స్తంభం మీద ఠప్‌మని మెరుపు మెరిసింది. అక్కచెల్లెళ్ల దాకా పోకుండానే మైకు చచ్చిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోయి వీధి వీధంతా కరెంటు పోయింది.

ఎవరికీ ఏమీ అనిపించలేదు. కరెంటు పోవడం ఎర్రబండపల్లికి కొత్త కాదు. హనుమక్క మాత్రం గది తలుపుకు చెవి ఆనించింది. తలుపు అవతల నుంచి కోడిపిల్ల అరిచినట్టు కీచు కీచుమని శబ్దం మొదలైంది. బ్యాటరీ. హేమకు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. బళ్లో పిల్లలకు చూపిస్తూ ఉంటుంది, ఫోను సంచిలో ఉంటుంది.

ఆ సమయానికి వీధిలోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగింది వ్యవసాయాధికారి వనజాక్షి. లారీ ఎక్కడ దించాలో తేల్చలేక రెండు రోజులుగా రెండు ఊళ్ల చేత తిట్లు తింటున్న మనిషి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"లైసెన్సు లేకుండా విత్తనాలు పంచుతున్నారని నాకు ఫిర్యాదు వచ్చింది. ఇల్లెవరిది? ఆ మిషను ఆపండి. గదికి సీలు వేస్తాను."

మిషను ఆపండి అన్న మాట వినగానే హనుమక్క పోయి గది తలుపుకు అడ్డంగా నిలబడింది. చీర కొంగు నడుముకు దోపింది. అంతవరకు బతిమాలుతూ వచ్చిన గొంతు మారిపోయింది.

"సీలేస్తావో తాళమేస్తావో తర్వాత చూద్దాం మేడమ్. ముందు లోపలుండేదేందో నీ కండ్లతో చూడు. చెప్పులిడిసి రా."

"నేను ఆఫీసర్ని అమ్మా."

"ఆఫీసరమ్మ చెప్పులకు దుమ్ముండదా?"

వనజాక్షి చెప్పులు విడిచింది. విడిచిన వెంటనే ఎవరో వాటిని జాగ్రత్తగా తీసుకుపోయి వరుస చివర, గంగాధర్ బూట్ల వెనక పెట్టారు. ఆఫీసరైనా సరే, లైను లైనే.

లోపల చల్లగా ఉంది. మూటలు లేవు. పచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి, బ్యాటరీ కీచుమంటోంది. మూలన బల్ల మీద హేమ కంప్యూటరు తెర వెలుగుతోంది. హనుమక్క చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, కోడలు నేర్పినట్టు మౌస్ పట్టుకుంది.

"పిల్లలకోడి చుక్క తెలుసు గదా నీకు?"

"తెలుసు. చిన్నప్పుడు మా అవ్వ చూపించేది. ఈ నెలల్లో రాత్రిపూట కనపడదు కదా."

"బొంతలో అన్ని నెలలూ ఉంటాయిలే. చూడు."

తెర మీద గుప్పెడు చుక్కలు కనిపించాయి. హనుమక్క దగ్గరికి తెచ్చింది. ముందు మసకగా, తర్వాత ముక్క ముక్కగా తేటపడుతూ, ఏడెనిమిది పిల్లలున్న కోడి కాస్తా వందల పిల్లల కోడి అయింది. వాటి చుట్టూ నీలిపొగ, సాంబ్రాణి వేసినట్టు.

"ఇప్పుడు నువ్వు చూసినట్లే యాడ యాడనో ఎంతమందో చూస్తాండారు, ఈ డబ్బాలోంచే," అంది హనుమక్క. "సాయంత్రం దాకా ఇది ఆగకుంటే మన ఊరి పేరు నిలబడతాది. ఆగిందంటే పోతాది. ఆ కీచుమనేది సూడు, దాని ఊపిరి. ఇప్పుడు చెప్పు, ఆపమంటావా?"

వనజాక్షి వేలితో ఆ పిల్లలను లెక్కపెట్టబోయి మానుకుంది. తర్వాత తలుపు దగ్గరకు వచ్చి జనంతో, "విత్తనాలు లేవు. లోపల ఉన్నవి నిజంగా నక్షత్రాల బొమ్మలే" అంది.

"చూసినారా," అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఆమెకు గూడా వాటా ఇచ్చినారు."

హనుమక్కకు అప్పుడు తట్టింది, వీళ్లు మాటతో నమ్మే జనం కాదని. పెద్ద గొంతుతో అరిచింది.

"మీరంతా లోపలికి రండి! మీ జాగా ప్రకారం ఒక్కొక్కరే వచ్చి మూలమూలా ఎతుక్కోండి. కానీ కరెంటు ల్యాకుంటే లోపల చీకటి. చీకట్లో దాసినానంటారు మళ్ల. ఆ జనరేటరు తెచ్చి పెట్టండి ముందు!"

ఈ మాట అందరికీ సబబుగా తోచింది. అందరి కళ్లూ నరేంద్ర మీదికి తిరిగాయి. నరేంద్ర మైకు వంక చూశాడు, దండ వంక చూశాడు.

"నా మీటింగు?"

"ఊరి పేరప్పా," అంది హనుమక్క. "దేశదేశాల్లో చదువుతారు."

నరేంద్ర గడ్డం గోక్కున్నాడు. "ఊరి పేరంటే ఇంచుమించు నా పేరే," అని తేల్చుకున్నాడు. "ఎత్తండిరా!"

తీగ పొట్టిది, ట్రాలీ వీధి మొదట్లో ఉంది, మధ్యలో చెప్పులు. చెప్పులు జరపమని ఎవరూ అనలేదు, అంటే ఊరుకునేవాళ్లూ లేరు. ఎనిమిది మంది కలిసి జనరేటరును పల్లకిలా భుజాన వేసుకున్నారు. ఎక్కడ అడుగు వేయాలో బయమ్మ ముందు నడుస్తూ చెప్పింది. "ఆడ రాయి, ఈడ గొర్రెపిల్ల, ఆ కుర్చీ దాటుకోండి." ఒక్క జత కూడా కదలకుండా జనరేటరు గది వాకిటికి చేరింది. దాంట్లో డీజిలు అడుగంటి ఉంది. ట్రాక్టరు ట్యాంకులోంచి పైపుతో లాగారు. లోపల బ్యాటరీ కీచుమనడం ఎడతెగని ఒకటే కూతగా మారింది. హనుమక్క డబ్బా మీద చెయ్యి వేసి, ఈననున్న గేదెను నిమిరినట్టు నిమురుతూ నిలబడింది. తాడు లాగారు. దగ్గింది. మళ్లీ లాగారు. మళ్లీ దగ్గింది. మూడోసారి నరేంద్రే తువ్వాలు బిగించి లాగాడు. జనరేటరు దడదడమని అందుకుంది.

కూత ఆగిపోయింది. పచ్చ దీపాలు మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత ఎర్రబండపల్లి వరుసగా, వట్టి కాళ్లతో, విత్తనాల గదిలోకి పోయింది. ముందు పోయినవాళ్లు డబ్బాల వెనక తడిమారు, బల్ల కింద వంగి చూశారు. మూట కనిపించక తెర వైపు తిరిగారు. తిరిగినవాళ్లు తొందరగా బయటికి రాలేదు.

"గొల్లకావడి సుక్కలు చూపీ హనుమక్కా. మా నాయన దాన్ని చూసే నీళ్లు తోడను బాయి కాడ కపిల కట్టేవాడు."

"ఇదో."

"అబ్బా! కావడి కింద ఆ మంట ఏందే?"

"అది కొత్త సుక్కలు పుట్టే తావంట. పురిటిగది అనుకో."

"ఈ ఫోటోలు ఎప్పుడు తీసినారు?" అని అడిగింది తిరుపాలమ్మ.

"మబ్బు ల్యాని రాత్రులు చూసి తీసినారంట."

"అట్లయితే మన ఊర్లోనే తీసింటారు," అంది తిరుపాలమ్మ. అంత ఖాయంగా చెప్పింది గనక ఎవరూ కాదనలేదు.

బయట వనజాక్షి ఫోను మోగింది. పై ఆఫీసు నుంచి. లారీ ఎక్కడ దించుతున్నారో ఇప్పటికిప్పుడు చెప్పాలి. ఆమె తలెత్తి చూసింది. గోడ వెంబడి తగాదా లేని వరుస. అందరి చేతుల్లో పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు. షామియానా వేసి ఉంది. కరెంటు లేకున్నా జనరేటరు తిరుగుతోంది. ఆమె ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇంత సిద్ధంగా ఉన్న ఊరిని చూడలేదు.

"ఎర్రబండపల్లిలో సార్," అంది వనజాక్షి. "అన్నీ ఏర్పాటు చేసే ఉన్నాయి."

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. మూటలు షామియానా కింద దిగాయి. వనజాక్షి బల్ల వేసుకుని కూర్చుని, వరుస మొదట్లో ఉన్న తోలు చెప్పుల వైపు చూపింది.

"మొదటి జాగా ఎవరిది?"

జనం పక్కకు తిరిగి చూశారు. హనుమక్క నెమ్మదిగా ముందుకు వచ్చింది.

"మా ఆయనది. ఓబులేసుది."

"పిలవండమ్మా."

"రాలేడు మేడమ్. పోయి నాలుగేండ్లయింది. నేను ఊరికే ఆరబెట్టినా."

వనజాక్షి కలం ఆగింది. వరుసలో ఎవరైనా గొణుగుతారని హనుమక్క తల వంచుకుంది. బయమ్మ గొంతు వినిపించింది.

"పోతే పోయినాడు. ముందొచ్చింది ఆయప్పే గదా! మా చెప్పులన్నీ ఆయప్ప ఎనకనే పెట్టినాం. మూట ఆమెకియ్యండి."

"ఇయ్యండి, ఇయ్యండి" అన్నారు జనం. బతికినంత కాలం ఒక్కసారీ ముందుకు రాలేని ఓబులేసుకు ఆ ఏటి మొదటి మూట దక్కింది. పాసుపుస్తకం తెచ్చి సంతకం చేసి హనుమక్క దాన్ని తీసుకుంది. దండ చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచని ఇద్దరిలో ఒకడు, నరేంద్ర కళ్లెర్రజేసే లోపలే దాన్ని తెచ్చి ఆ తోలు చెప్పుల మీద పెట్టాడు. నరేంద్ర ఒక్క క్షణం ఆగి, తనే ముందు చప్పట్లు కొట్టాడు. ఎవరు కొట్టించారో జనం గుర్తు పెట్టుకుంటారని ఆయన ఆశ.

సాయంత్రం బస్సు దిగిన హేమకు వీధిలో షామియానా, ఖాళీ లారీ, తన ఇంటి వాకిట దడదడమంటున్న జనరేటరు కనిపించాయి. సంచి పారేసి గదిలోకి పరిగెత్తబోయింది.

"చెప్పులు!" అని అరిచారు వీధిలో ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో.

హేమ చెప్పులు విడిచి లోపలికి పోయి తెర ముందు కూర్చుంది. చాలాసేపు చదివింది. మళ్లీ చదివింది. తర్వాత వెనక్కి తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి హనుమక్క గబగబా దగ్గరకు వచ్చింది.

"ఆగిపోయినాదా హేమా?"

"లేదత్తా. చూసేటోళ్ల తాకిడికి రెండు పెద్ద చోట్లు పడిపోయినాయంట. మనది నిలబడినాది. వాళ్ల బరువు గూడా మనమే మోసినాం. పేరు ఎక్కిచ్చినారు." తెర మీద వేలు పెట్టి చూపింది. "ఇదో, ఎర్రబండపల్లి."

హనుమక్క ఆ ఇంగ్లీషు అక్షరాలను మొదటి నుంచి చివరి దాకా వేలితో తడిమింది. పొడుగ్గానే ఉంది పేరు. విశ్వవిద్యాలయాల పేర్లకేమీ తీసిపోలేదు.

"ఇంకోటి అడుగుతాండారు," అంది హేమ. "పెద్దపెద్దోళ్లవే ఆగిపోతే మీది ఎట్ల నిలబడింది, కరెంటు పోతే మీ ఏర్పాటేందని. ఏం రాయాల? ఏం జరిగింది అసలు?"

హనుమక్క వాకిలి వైపు చూసింది. బయట గంగాధర్ ఒళ్లో ఎర్ర సంచితో అప్పుడే గొల్లకావడి చూడడానికి వంతు వచ్చి లేస్తున్నాడు. పొలం లేనివాళ్లకు మూట లేదు గాని బొమ్మలు చూడ్డానికి అడ్డమేమీ లేదని వరుస తీర్మానించింది. బయమ్మ మూట మీద కూర్చుని పక్క ఊరి నుంచి వచ్చిన చుట్టానికి, "మాది ఆకాశం ఉండే ఊరు" అని చెబుతోంది.

"జనరేటరు ఒకటుండాదని రాయి," అంది హనుమక్క. "దాని ఎనక ఊరుండాదని గూడా రాయి."

హేమ అట్లాగే రాసింది. మర్నాటి నుంచి హనుమక్క కడిగిన చెప్పులను మిద్దె మీదే ఆరబెడుతోంది, ఒక్కో జతను ఒక్కో మూల.